బాతుల లుంక శ్మశానం కాదని మనవి

పట్టణ ప్రధాన వాస్తుశిల్పి గారి సముఖమునకు,
పురపాలక భవనము, రెండవ అంతస్తు (లిఫ్టు పనిచేయని వైపు).

అయ్యా,

విషయం: బాతుల లుంక అను నది ఒడ్డు పచ్చికబయలు శ్మశానము కాదనియు, కానంత మాత్రమున అందులో మేడలు కట్టనీయరాదనియు మనవి.

సూచిక: "అనుమతి లేని శ్మశానవాటిక నిర్వాహకుడు" అను బిరుదుతో తాము నా పేర పంపిన నోటీసు.

ట్రామ్ ఆఖరి స్టాపు దాటి ఇటుకబట్టీ వీధి చివర నివసించు ఎలిసేయ్ తోద్యా అను నేను, వృత్తికి ఇళ్ళలో చలి కాచుకొను పొయ్యిలు కట్టువాడను, పిలుపుకు వాక్యము చెప్పువాడను, బడి కొంచెము, బైబిలు మిక్కిలి చదివినవాడను, తమకును తమ గుమాస్తాలకును సమాధానము కలుగును గాక అని కోరుచు మనవి చేసుకొనునది ఏమనగా:

1. నోటీసులో తాము "ఖననముల సంఖ్యను గురువారపు సభకు ముందు తెలియజేయవలెను" అని అడిగారు. మొదట దానికే జవాబు చెబుతాను. మన మాట అవునంటే అవును, కాదంటే కాదు అన్నట్టుండాలని ఆజ్ఞ. ఖననముల సంఖ్య: శూన్యము. బాతుల లుంకలో ఎవరినీ పాతిపెట్టలేదు. కొందరిని ముంచిన మాట నిజం. వాళ్ళనందరినీ వెంటనే పైకి తీశాము. దానిని బాప్తిస్మము అంటారు.

2. ఆ లుంక ఎవరిదని తమ కాగితాలలో ఉన్నదో నాకు తెలియదు. నాకు తెలిసినంతలో నేల ప్రభువుది, గడ్డి ఆ లుంక అంచున కాపురముండే సవేతక్క బాతులది, మే ఒకటో తేదీన మాత్రం పట్టణమంతటిది. ఆ రోజున జనం నిప్పుల పెనాలు, మాంసపు ముద్దలు, బీరు సీసాలు మోసుకొచ్చి నదిని పొగతో కప్పేస్తారు. నేను ఏటేటా ఒక పెట్టె మీద నిలబడి ఆ బీరుకు వ్యతిరేకంగా ప్రసంగిస్తాను. వాళ్ళు ఏటేటా నాకు ఒక మాంసపు ముద్ద రొట్టెలో పెట్టి ఇస్తారు. నేను ఆవముద్ద అద్దుకుని తింటాను. మా మధ్య ఉన్న ఒడంబడిక ఇదే. ఇంతవరకు ఏ పక్షమూ దానిని మీరలేదు.

మా సంఘానికి అద్దె గది తప్ప బాప్తిస్మపు తొట్టి లేదు. పాత ప్రభుత్వం మమ్మల్ని వెంటాడిన రోజుల్లో కూడా వేకువన ఈ నది ఒంపులోనే మునిగాము. సవేతక్క అప్పుడు పడుచుపిల్ల. ఆమెది ఆర్థడాక్స్ గుడి. మమ్మల్ని ఈనాటికీ "మారుమనస్సుగాళ్ళు" అనే పిలుస్తుంది. అయినా ఆ వేకువల్లో తన బాతుల్ని దారికి అడ్డంగా తోలుకుని కూర్చునేది. ఆనాటి పోలీసు, అదే మిలీషియా వాడి బూటు దూరాన కనబడితే చాలు, బాతులు గోల చేసేవి, మేము తడిబట్టలతో మొక్కజొన్నలోకి దూరేవాళ్ళం. నన్ను ముంచుతుండగా అవి అరిచాయి. సగం మునిగి పారిపోయాను. మిగతా సగాన్ని తరువాతి వారం ముంచారు.

"అక్కా, ఆ రోజుల్లో మాకోసం అంత తెగించావే, ఎందుకు?" అని మొన్న అడిగాను.

"మీకోసమా? నీ మొహం! ఆ మిలీషియా వాడు అంతకుముందే నా బాతునొకదాన్ని వండుకు తిన్నాడు. వాడి పని చెడగొట్టడానికి కూర్చున్నా," అంది.

ప్రభువు తన పనికి ఎవరి కోపాన్ని వాడుకుంటాడో ఎవరికి తెలుసు?

3. ఇప్పుడు ఆ లుంక మీద మేడలు కడతామని ఒక కంపెనీ వచ్చింది. దాని పేరు పరాయి భాషలో గ్రీన్ మెడో రెసిడెన్స్, అనగా పచ్చిక నివాసాలు. గొర్రెను కోసి ఆ కటిక దుకాణానికి దాని పేరే పెట్టినట్టుంది. ప్రజల అభిప్రాయం వినడానికి తాము పెట్టిన సభ తమకు గుర్తుండే ఉంటుంది. కంపెనీ తరఫున వచ్చిన కుర్రవాడు బూట్లు వేసుకున్నాడు గాని మేజోళ్ళు వేసుకోలేదు. గోడ మీద బొమ్మ చూపించి, "ఇదిగో, దగ్గర దగ్గర సగం పచ్చదనమే," అన్నాడు.

నా భార్య రహీల కళ్ళద్దాలు సవరించుకుని ముందుకు వెళ్ళింది. "ఇదేం చెట్టు బాబూ?"

"చెట్టు కాదు మేడమ్, కార్లు పెట్టే చోటు. కాంక్రీటుకి పచ్చరంగు వేస్తాం."

"మరి ఇదో?"

"పైకప్పు. ప్లాస్టిక్ గడ్డి పరుస్తాం. గ్యారంటీ కూడా ఉంది."

"మా గడ్డికి గ్యారంటీ లేదు నాయనా," అంది వెనకనుంచి సవేతక్క. "మొన్న బాతులు కొరికేశాయి. నిన్న మళ్ళీ మొలిచింది."

"మీకు ఐదో అంతస్తులో ఫ్లాటిస్తామన్నాం కదా ఆంటీ!"

"బాతులు లిఫ్టెక్కాలా? మీట ఎవరు నొక్కుతారు, జనరలా?"

జనరల్ అనగా ఆమె మగబాతు. దాని నడక చూసినవారికి ఆ పేరు ఎందుకు పెట్టిందో చెప్పనక్కరలేదు.

అప్పుడు నేను లేచాను. ఇంటికి ఇల్లు, పొలానికి పొలం కలుపుకుంటూ పోయి చివరికి దేశంలో తాము మాత్రమే మిగిలేవారికి అయ్యో శ్రమ అని ప్రవక్త ఊరికే అరవలేదు. ముట్టడి వేసినప్పుడు కూడా చెట్ల మీద గొడ్డలి ఎత్తవద్దు, చెట్టు మనిషా నీకు శత్రువు కావడానికి అని ధర్మశాస్త్రం. సున్నము కొట్టిన సమాధుల గురించి ప్రభువు చెప్పాడు. పచ్చసున్నము గురించి చెప్పలేదు, ఎందుకంటే ఆ కాలపు పరిసయ్యులకు కూడా అంత తెగింపు లేదు. ఇవన్నీ చెప్పాలని లేచాను. తాము నాకు మూడు నిమిషాలు ఇచ్చారు. మూడు నిమిషాలకు నేను ఇంకా ఏదెను తోట దాటలేదు.

అయినను తాము న్యాయంగానే తీర్పు చెప్పారు. జనం నిజంగా వాడుకుంటున్న చోటైతే అది పచ్చగానే ఉంటుంది, ఎవరూ వాడని పాడునేల అయితే కంపెనీకి పోతుంది, తనిఖీకి ఇన్‌స్పెక్టరును పంపుతాను అన్నారు. నేను సంతోషించి ఇంటికి వెళ్ళాను.

4. తనిఖీ సంగతి. ఇందులో ఎవరూ తప్పు చేయలేదు. నాశనము అటువంటి రోజుల్లోనే వస్తుంది.

పచ్చదనం చూడవస్తున్న అధికారికి పచ్చదనం కనబడవలెనని నేను ఆ నెల ఎవరినీ కొడవలి పట్టనివ్వలేదు. గడ్డి తన ధర్మం ప్రకారం రొమ్ముదాకా పెరిగింది. ఆ ఉదయం సంఘమంతా మంచిబట్టలతో వచ్చింది. మేము ప్రార్థించేటప్పుడు అందరమూ ఒక్కసారే, ఎవరికి వారే, గొంతెత్తి ప్రార్థిస్తాము. ట్రామ్ ఆగిపోయి డ్రైవరు దిగివచ్చి చూసిన రోజులు ఉన్నాయి. అందుకని రహీల చెప్పింది: "ఇవ్వాళ ఒక్కరోజైనా గట్టిగా అరవకండి. ఆయన చదువుకున్నవాడు, మనల్ని పిచ్చాళ్ళనుకుంటాడు. మనసులో ప్రార్థించండి. బైబిలులో హన్నా అలా చెయ్యలేదూ?"

మా సంఘ చరిత్రలో మొదటిసారి మేము మౌనంగా ప్రార్థించాము. మా పద్ధతి ప్రకారం మోకాళ్ళ మీద, కళ్ళు మూసుకుని.

అయ్యా, రొమ్ముదాకా గడ్డిలో మోకరించినవాడు గట్టు మీద నిలబడినవాడికి కనబడడు.

నాకు ఒక పిలుపు వినబడింది. "ఎవరైనా ఉన్నారా?" అని. రాత్రివేళ దేవుని పిలుపు విన్న బాలుడైన సమూయేలు లాగ నేను కదిలిపోయాను. "ఉన్నాను ప్రభువా," అన్నాను, మనసులోనే. మళ్ళీ వినబడింది: "ఎవరండీ ఇక్కడ?" "నీ దాసుడను," అన్నాను, మనసులోనే. తరువాత రహీలను అడిగితే ఆమెకూ ఆ పిలుపు వినబడిందట, ఆమె కూడా కన్నీళ్ళతో జవాబిచ్చిందట. సంఘమంతా జవాబిచ్చింది. అంతటి ఆత్మీయమైన ఉదయం మాకు మళ్ళీ రాలేదు. ఆమేన్ అని కళ్ళు తెరిచేసరికి తమ కారు మలుపు తిరుగుతోంది. దాని వెనక జనరల్ పరుగెడుతోంది.

తమ ఇన్‌స్పెక్టరు రాసిన నివేదిక: "తనిఖీ సమయమున స్థలమందు నరమాత్రుడు కానరాలేదు. పలుమార్లు పిలిచినను బదులు లేదు. గడ్డి నిర్లక్ష్యముగా పెరిగియున్నది. ఒక బాతు శత్రుభావముతో సంచరించుచున్నది."

"బదులు లేదు" అన్నది అబద్ధం. నలభై మందిమి బదులిచ్చాము.

5. అటుపిమ్మట, కళ్ళున్నవాళ్ళకైనా తెలియాలి గదా అని, లుంక దారిలో ఒక బోర్డు పెట్టాలనుకున్నాను. మా వీధిలో అక్షరాలు రాసేది గీకా అన్న ఒక్కడే. ఆయన ఆర్థడాక్స్ గుడిలో గంటలు కొడతాడు, అవసరమైనప్పుడు పాదిరితో కలిసి పాడతాడు, సమాధుల సిలువల మీద పేర్లు రాస్తాడు. "అన్నా, ఇది పచ్చని చోటు అని జనానికి తెలిసేట్టు రాయి. కింద వివరాలకు నా పేరు, ఫోన్ నంబరు వెయ్యి," అన్నాను. "నాకు చెప్పాలా?" అన్నాడు.

మరునాటికి బోర్డు నిలబడింది. నల్లటి పలక, బంగారు అక్షరాలు:

వెలుగుగల చోట, పచ్చికగల చోట, విశ్రాంతిగల చోట.
వివరాలకు: ఎలిసేయ్ తోద్యా.

నేను ఆ దారిలోనే మోకరించాను. పచ్చికలో పరుండజేయు కాపరి! దావీదు కీర్తన! ఇన్నేళ్ళు నేను గొంతు చించుకున్నందుకు గీకా అన్న చివరికి కీర్తనల గ్రంథం తెరిచాడు! పరుగున వెళ్ళి కౌగలించుకున్నాను. ఆయన, "బంగారు రంగు కాస్త మిగిలిందిలే," అన్నాడు.

మేము చనిపోయినవారి కోసం ప్రార్థించము. బతికున్నప్పుడే చెప్పవలసింది చెప్పేస్తాము. కాబట్టి ఆర్థడాక్స్ గుడిలో శవపేటిక ముందు పాడే ప్రార్థనలోని మాటలు అవేనని నాకెవరూ చెప్పలేదు. ఈ పట్టణంలో నాకూ నా సంఘానికీ తప్ప ఆ సంగతి తెలియనివారు లేరు.

6. మొదట కొవ్వొత్తులు వచ్చాయి. తరువాత బోర్డు కింద ఎవరో చనిపోయినవారి పేర పంచే తీపి గోధుమల గిన్నె పెట్టిపోయారు. తరువాత ఫోన్లు. వాటికి నేను చెప్పిన జవాబులు తమ నోటీసులో "శ్మశాన వ్యాపారము" అని పేర్కొనబడినవి గనుక ఒకటి ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

"హలో, ఆ నది పక్కన చోటు గురించండీ. ఇంకా ఉందా?" అని ఒక పెద్దాయన.

"చోటు అందరికీ సిద్ధంగా ఉందన్నా. మీరు సిద్ధమేనా?"

"ఇప్పుడే కాదనుకోండి... మాకు ఇద్దరికి కావాలి. నాకూ మా ఆవిడకీ."

"తండ్రి ఇంట అనేక నివాసాలు ఉన్నాయి."

"కాస్త నీడ ఉంటే బావుంటుందండీ. ఆవిడకి ఎండ పడదు."

"అక్కడ ఎండ దెబ్బ తగలదన్నా, రాసి ఉంది!"

"మరి ధర?"

"వెల చెల్లించబడింది!" అని అరిచాను. "పూర్తిగా! మీరు ఇవ్వవలసింది ఏమీ లేదు!"

ఆయన ఏడ్చాడు. నేనూ ఏడ్చాను. ఒక ఆత్మ రక్షించబడిందని ఆ రాత్రి సంఘంలో సాక్ష్యం చెప్పాను. మరునాడు ఆయన కొలతల టేపు పట్టుకుని వచ్చాడు.

ఆ శనివారమే కంపెనీ వాళ్ళు ఫ్లాట్లు కొనేవాళ్ళను తెల్లని బస్సులో తెచ్చారు. మేజోళ్ళు లేని కుర్రవాడు ముందు నడుస్తూ, "ఇక్కడ ప్రశాంతత చూడండి, చప్పుడే ఉండదు," అంటున్నాడు. ఒక ముసలమ్మ బోర్డు చదివింది. సిలువ గుర్తు వేసుకుంది, గుండెల మీద తూ తూ అని ఉమ్మేసుకుంది, కొడుకు చెవి పట్టుకుంది. "ఉండదురా, చప్పుడెందుకుంటుంది! శవాల మధ్య కాపురం పెట్టిస్తావా నన్ను? ఇంకెన్నాళ్ళో బతకను గదా అని ఏకంగా ఇక్కడికే తెచ్చావా?"

బస్సు నిండుగా వచ్చి నిండుగానే వెళ్ళిపోయింది.

"గీకా అన్నా! పచ్చని చోటు అని రాయమంటే ఇదేమిటి?" అని వెళ్ళి అడిగాను.

"నువ్వన్నదే రాశాను. నా చేతికి తెలిసిన పచ్చని చోటు అదొక్కటేరా మారుమనస్సూ. ఇంకోటి ఉంటే చూపించు," అన్నాడు.

నేను చెయ్యెత్తి లుంక చూపించాను.

7. అటుపిమ్మట తమ నోటీసు. శ్మశానము దాపున నివాసములు కట్టరాదని చట్టమట; కావున ఖననముల సంఖ్య తేలువరకు కంపెనీ ఫైలు ఆపబడినదట; శూన్యమని తేలినచో గురువారపు సభలో స్థలము పాడునేలగా కంపెనీకి పోవునట. చదివి వినిపించగానే మా వంటగదిలో ఎవరూ మమలీగ, అదే మొక్కజొన్న సంకటి, ముట్టలేదు.

"ఏమీ రాయొద్దు. ఊరుకో. నోరు మూసుకోవడం అబద్ధం కాదు," అన్నాడు గీకా అన్న.

"ఈయన నోరు మూసుకోవడమా!" అంది సవేతక్క. "జరిగే పని చెప్పవయ్యా."

"ఒకవేళ దేవుడే గీకా అన్న చెయ్యి పట్టుకుని రాయించాడేమో," అంది రహీల మెల్లగా. "గాడిద నోటితో మాట్లాడించినవాడికి అదెంత పని?"

"గాడిదెవరు ఇక్కడ?" అన్నాడు గీకా అన్న.

అయ్యా, నాకు నిద్ర పట్టలేదు. ఒక్క మాట రాయకుండా ఉంటే లుంక నిలుస్తుంది. సవేతక్క తన గుమ్మంలోనే ముసలిదవుతుంది, మా వాళ్ళు ఆ ఒంపులోనే మునుగుతారు. రాస్తే కంపెనీ ఆ ఒంపును కాంక్రీటు గొట్టంలోకి మళ్ళిస్తుంది. బైబిలులో నాబోతు రాజుకు ఇవ్వనన్న తన తోట కోసం ప్రాణమిచ్చాడు గాని, తోటలో పాము ఉందని అబద్ధమాడలేదు. దేవుని గడ్డిని అపవాది కలంతో కాపాడలేను. అందుకే ఒకటవ అంశములో శూన్యము అని రాశాను. ఆ ఒక్క మాట రాయడానికి నాకు పట్టిన సమయంలో ఒక పొయ్యి కట్టి ఉండేవాణ్ణి.

8. కావున తమను వేడుకొనునది:

ఇన్‌స్పెక్టరు గారిని మరల ఒక్కసారి పంపవలెను. ఈసారి గడ్డి కోసి ఉంచెదము. నిలబడి ప్రార్థించెదము, గొంతెత్తి; తమ రెండవ అంతస్తు కిటికీ మూసుకున్నను తమకు వినబడును.

జనరల్ అను బాతును ఆ సమయమందు కట్టివేయుదునని సవేతక్క తరఫున హామీ ఇచ్చుచున్నాను.

తాము స్వయముగా ఏదో ఒక మధ్యాహ్నము ఆ పచ్చరంగు కాంక్రీటు మీద వెల్లకిల పడుకొని చూడవలెను, తరువాత మా లుంకలో పడుకొని చూడవలెను, ఆ తరువాతనే సంతకము పెట్టవలెను. కాపరి గొర్రెలను పచ్చికలో పరుండజేస్తాడు. పార్కింగులో పరుండజేసే కాపరిని గొర్రెలే వదిలేస్తాయి.

మరియు నా పేరు ముందు "నిర్వాహకుడు" అను మాట తీసివేయవలెను. పాలు పోసేవాడు శవయాత్ర ఎదురైనట్టు నన్ను చూసి టోపీ తీస్తున్నాడు.

నా మాటలలో మంట ఉన్నచోట క్షమించి, న్యాయము ఉన్నచోట కదిలి, బొమ్మలోని పచ్చను కాక నేల మీది పచ్చను చూచి చిత్తగించవలెను.

(ప్రభువు తరువాత) తమ విధేయుడు,
ఎలిసేయ్ తోద్యా

తా.క. కవరు అంటించబోతుండగా సవేతక్క వచ్చింది. ఏప్రానులో జనరల్ ఉంది. కంపెనీ వాళ్ళు లుంకలో కొలతలకు పాతిన కర్రలను అది పీకడం మొదలుపెట్టిందట. కర్రలను గెలిచింది. వాటికి కట్టిన ఎర్రని ప్లాస్టిక్ రిబ్బను గొంతుకు అడ్డం పడింది.

"చూడు," అంది. ఏప్రాను విప్పి దాన్ని నా బల్ల మీద, ఈ కవరు పక్కన పెట్టింది.

అలాగే పారేద్దామా అంటే ఎవరికీ మనసొప్పలేదు. దీని తాతముత్తాతలు అరిచి ఉండకపోతే ఈ అర్జీ రాసేవాడు జైల్లో ఉండేవాడు. బోర్డు కింద మట్టి మెత్తగా ఉంది. గొయ్యి నేను తవ్వాను. గీకా అన్న కొవ్వొత్తి వెలిగించి, బాతు గదా అని ఒక్క మాట కూడా తగ్గించకుండా, వెలుగుగల చోట, పచ్చికగల చోట అంటూ మొత్తం పాడాడు. మేము చనిపోయినవారి కోసం ప్రార్థించమని పైన రాశాను. అది అలాగే ఉంది. నేను టోపీ మాత్రం తీశాను. ఎండగా ఉంది.

కావున ఎనిమిదవ అంశములో బాతును కట్టివేయుదునన్న హామీ రద్దు చేసుకొనవలెను. ఒకటవ అంశములో కూడా ఒక మాట దిద్ది చదువుకొనవలెను. తమ నోటీసు ఖననముల సంఖ్య అడిగినదే గాని ఎవరివని అడగలేదు. అయినను నేను దాచువాడను కాను: బాతు.

ఖననముల సంఖ్య: ఒకటి.

చట్టములో చెప్పిన దూరమును ఇక తమ మనుషులే వచ్చి కొలుచుకొనవలెను.